ఫ్లెక్సీ మీద జీనియస్, తరగతిలో రైజింగ్

మా అమ్మాయి ఫొటో నాచారం మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీకెక్కిన వారమే తనని బడిలో చివరి సెక్షన్‌కి దించారు. రెండు పనులూ చేసింది ఒకే స్కూలు. ప్రిన్సిపాల్ ఒకే కుర్చీలో కూర్చుని, ఒకే నోటితో నాకు అభినందనలూ చెప్పాడు, జాగ్రత్తలూ చెప్పాడు. ఆయనకు ఇందులో వింతేమీ కనపడలేదు. నా బుర్రే సరిగ్గా పనిచేయడం లేదేమో అనుకుంటూ ఇంటికొచ్చాను.

ముందు ఆ ఫ్లెక్సీ గురించి చెప్పాలి. దానికి ఎడమ పక్క ఎవరో గల్లీ నాయకుడి పుట్టినరోజు, కుడి పక్క కొత్తగా తెరిచిన బిర్యానీ హోటలు, మధ్యలో మా అమ్మాయి. నెత్తిన బంగారు కిరీటం, వెనక సూర్యకిరణాలు, కింద గులాబీలు. మొహానికి ఎంత తెల్లరంగు కొట్టారంటే మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ "మేడమ్, గది మన పాపేనా?" అని అనుమానంగా అడిగాడు. లెక్కల ఒలింపియాడ్ మొదటి దశలో తనకు మంచి ర్యాంకు వచ్చింది. అందుకని పేరు కన్నా పెద్ద అక్షరాల్లో 'జీనియస్' అని వేశారు. ఉప్పల్ మెట్రో మెట్ల కింద ఇంకోటి కట్టారు. నేను మౌలాలిలో రైల్వే ఆఫీసులో గుమాస్తాని. ఆఫీసులో అందరూ ఆ ఫ్లెక్సీ చూసొచ్చి స్వీట్లు అడిగారు, తెచ్చి పెట్టాను.

ఆ స్కూల్లో ఆరో తరగతికి మూడు సెక్షన్లు. ఎ, బి, సి అంటే పిల్లల మనసు నొచ్చుకుంటుందట, అందుకని జీనియస్, ఛాంపియన్, రైజింగ్ అని పేర్లు పెట్టారు. రైజింగ్ అంటే ఇంకా లేవనివాళ్ళన్నమాట. పసి మనసుల మీద ఎంత దయ! మెడలో ఐడీ కార్డు తాడు కూడా ఒక్కో సెక్షన్‌కి ఒక్కో రంగు, రైజింగ్‌కి ఎరుపు. స్కూలు బస్సు ఎక్కించడానికి వచ్చిన ప్రతి తల్లికీ ఎవరి పిల్లలు లేచారో, ఎవరి పిల్లలు లేవలేదో దూరం నుంచే తెలియాలి కదా. ప్రతి శనివారం రాతపరీక్ష, సోమవారం పొద్దున్నే తాళ్ళ మార్పిడి. పై క్లాసుల్లో ఇంజినీరింగ్ సీట్లకి ఇలాగే వడబోస్తారట, మేం ఆరు నుంచే అలవాటు చేస్తున్నాం అని గర్వంగా చెప్పేవాళ్ళు. తల్లిదండ్రులం మేమూ ఏదో గొప్ప పథకం విన్నట్టు తలలూపేవాళ్ళం.

ఒలింపియాడ్‌లో రాయాల్సిందేమీ ఉండదు. ఇచ్చిన నాలుగు జవాబుల్లో సరైనదాని పక్కన ఉన్న గుండ్రాన్ని, అదే బబుల్‌ని, నల్లగా నింపితే చాలు. శనివారం పరీక్షలో మాత్రం మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చేత్తో రాయాలి. మా అమ్మాయికి రానిది అదొక్కటే.

రాదంటే అక్షరాలు తెలియక కాదు. ఇంట్లో ఎవరికన్నా వేగంగా చదువుతుంది. పెన్ను పట్టుకుంటేనే వేళ్ళు మాట వినవు. ఒక అక్షరం గీత మీద నిలబడితే ఇంకోటి గాల్లో తేలుతుంది, మూడోది పక్క మాటలోకి దూరుతుంది. నాలుగు వరుసలు రాసేసరికి చెయ్యి నొప్పి, మొహమంతా చెమట. అదే పిల్ల ఆటోలో నా పక్కన కూర్చుని, హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగిన బండి నంబరు చూసి అది వేటితో భాగిస్తే శేషం మిగలదో నాకు చెప్పేది. మెట్రో రైలు మధ్యాహ్నం ఖాళీగా పోతుంటే ఎన్ని పెట్టెలు తగ్గించినా ఎవరికీ ఇబ్బంది ఉండదో లెక్కేసి, ఆ సంగతి మెట్రోవాళ్ళకి చెప్పమని నన్ను సతాయించేది. నేను మెట్రోలో కాదు, రైల్వేలో పనిచేస్తున్నానంటే, "రెండూ పట్టాల మీదే కదమ్మా" అనేది.

ఈ పిల్లని బాగుచేయడానికి లోకమంతా నడుం కట్టింది. మా పై అంతస్తులో రిటైరైన సైంటిస్టు ఒకాయన ఉంటారు. లిఫ్టులో కనపడ్డప్పుడల్లా "ఫోన్ లాక్కోండమ్మా, రాత అదే వస్తుంది" అనేవారు. మా అమ్మాయికి ఫోనే లేదని ఎన్నిసార్లు చెప్పినా ఆయన సలహా మారలేదు. రామంతాపూర్‌లో చేతిరాత నేర్పే కేంద్రంవాళ్ళు ముత్యాల్లాంటి అక్షరాలు గ్యారంటీ అన్నారు. కొన్ని వారాలయ్యాక, మీ పాప సహకరించడం లేదు, గ్యారంటీ వర్తించదు అన్నారు. క్లాసు టీచర్ తేల్చేసింది: "తెల్వి మస్తుంది మేడమ్. గానీ బద్ధకం." ఈ బద్ధకం అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ పెద్దవాళ్ళకి ఎంత సుఖం ఇచ్చారో! అది దొరికాక ఇక ఎవరూ ఏమీ ఆలోచించక్కర్లేదు.

లెక్కల సారు ఇంకో మెట్టు పైన. మా అమ్మాయి లెక్కంతా మనసులోనే చేసేసి జవాబొక్కటే రాసేది. మధ్యలో వరసలన్నీ రాయాలంటే చెయ్యి రాదు. ఒక శనివారం పరీక్షలో ఒక కష్టమైన లెక్కకి ఇలాగే ఒట్టి జవాబు రాసింది. ఆయన ఎర్ర పెన్నుతో కొట్టేసి, "ఎవల దాంట్ల జూసి రాసినవ్?" అని క్లాసు ముందర నిలబెట్టాడు. ఆ లెక్క ఆ క్లాసులో ఇంకెవరికీ రాలేదు. చూసి రాయడానికి ఎవరి దాంట్లో ఉందో ఆయన కనుక్కోలేదు. కనుక్కోవాలంటే ఆయన కూడా ఓ లెక్క చేయాలి మరి.

చివరికి తార్నాకలో పిల్లల మానసిక నిపుణురాలి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ రెండు మూడు పూటలు మా అమ్మాయితో కూర్చుని ఏవేవో చేయించి, తర్వాత నన్నూ మా ఆయన్నీ లోపలికి పిలిచింది. ఈ పిల్ల ఆలోచన వయసుకి చాలా ముందుందనీ, చేతిరాత విషయంలో మాత్రం డిస్‌గ్రాఫియా అనే ఇబ్బంది ఉందనీ చెప్పింది. "రెండూ నిజమే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం అయిపోదు. తెలివితో ఇబ్బందిని కప్పిపుచ్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు రాయాల్సింది ఎక్కువయ్యేసరికి ఇబ్బంది తెలివిని కప్పేస్తోంది. చూసేవాళ్ళకి ఏదో ఒకటే కనపడుతుంది" అంది. నోటితో జవాబులు చెప్పనివ్వండి, కీబోర్డు అలవాటు చేయండి, రాసేచోట ఎక్కువ టైమివ్వండి, లెక్కలు మాత్రం తేలికవి కాదు, ఇంకా కష్టమైనవి ఇవ్వండి అంది. అన్నిటికన్నా ముఖ్యం, తను మొద్దునని ఆ పిల్ల నమ్మకముందే ఇవన్నీ జరగాలి అంది. నేను అక్కడే ఏడ్చాను. దుఃఖంతో కాదు. ఇన్నేళ్ళలో మా అమ్మాయిని పూర్తిగా చూసి మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

ఆ రిపోర్టు పట్టుకుని స్కూలుకి వెళ్ళాను. ప్రిన్సిపాల్ దాన్ని అటూ ఇటూ తిప్పి, చదవకుండా బల్ల మీద పెట్టాడు. "రెండు ఒక్క పిల్లల ఎట్లుంటయి మేడమ్? తెల్వి ఉంటే చెయ్యి గదే రాస్తది. సీదా మాట."

"మరి తెలివి లేకపోతే ఫ్లెక్సీ ఎందుకు వేశారండీ?"

"గది వేరే, ఇది వేరే." ఆయన నవ్వాడు. "ఇయ్యాల మీ పాపకు నోటితోని పరీక్ష పెడితే రేపు అందరు లైన్ కడ్తరు. నా కొడుక్కు గూడ నోటితోనే పెట్టున్రి అంటరు. సిస్టమ్ ఖరాబైతది. అయినా జర సోచాయిస్త, ఫికర్ చేయకున్రి."

ఆయన సోచాయిస్తుండగానే వసంత పంచమి వచ్చింది. మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. మనవరాలంటే ఆవిడకి ప్రాణం. మూడో ఏట దీనికి అక్షరాభ్యాసం సరిగ్గా జరగలేదని ఆవిడ పట్టు. నిజమే, ఆ రోజు పిల్లకి జ్వరం వస్తే ఇంట్లోనే పలక మీద 'ఓం' అని గీయించి ఊరుకున్నాం. "ఆ లోపమేనమ్మా ఇది. సరస్వతీదేవికి కోపం వస్తే చెయ్యెలా తిరుగుతుంది? డాక్టర్లు ఏం చేస్తారు?" అనేవారు. నేను వద్దని గట్టిగానే చెప్పాను. పండగనాడు మా అమ్మాయి స్కూల్లో నర్సరీ పిల్లలకి సామూహిక అక్షరాభ్యాసం పెట్టారు. నేను ఆఫీసుకి వెళ్ళగానే ఆవిడ ప్రిన్సిపాల్‌ని అడిగేశారు. నోటితో పరీక్షకి ఒప్పుకోని మనిషి దీనికి వెంటనే ఒప్పుకున్నాడు. సిస్టమ్ ఖరాబు కాలేదు కాబోలు.

అలా పదకొండేళ్ళ పిల్లని, జడలు వేసి, పట్టు లంగా కట్టి, మూడేళ్ళ పిల్లల వరసలో కూర్చోబెట్టారు. ముందు పళ్ళెంలో బియ్యం. పంతులుగారు ఒక్కో పిల్ల వేలు పట్టుకుని బియ్యంలో రాయిస్తూ వస్తున్నారు. మా అమ్మాయి దగ్గరికి వచ్చాక ఆయన కూడా ఒక్క క్షణం ఆగారట. తర్వాత తన వేలు పట్టుకుని రాయించారు. అప్పుడే ఎవరో తల్లి ఫోన్‌తో వీడియో తీస్తూ, "ఈ పాప ఆ ఫ్లెక్సీల ఉన్న జీనియస్ కదా! ఇదేంది, ఈమెకు అక్షరాలు రావా?" అని గట్టిగా అంది. పైఅంతస్తు కిటికీల్లోంచి తన క్లాసు పిల్లలు చూస్తున్నారు. మా అమ్మాయి మెడలో అప్పటికి ఆ ఎర్ర తాడే ఉంది. ఈ వివరాలన్నీ సాయంత్రం మా అత్తగారే సంతోషంగా చెప్పారు, ప్రసాదం నా చేతిలో పెడుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అత్తయ్యా, దాన్ని ఎక్కడ కూర్చోబెట్టారో తెలుసా మీకు?" అని అరిచాను. ఆవిడ బిత్తరపోయారు. "అయ్యో, మంచికేగదమ్మా చేశాను. పిల్ల ఒక్క మాటైనా అనలేదు" అన్నారు. అవును, అనలేదు. అదే నాకు అర్థం కాకుండా పోయింది.

ఆ రోజు నుంచీ తను లెక్కలు చెప్పడం మానేసింది. ఆటోలో బండ్ల నంబర్లు కనపడ్డా కిటికీవైపు తిరిగి కూర్చునేది. నేనే కావాలని ఒక నంబరు చూపించి అడిగితే "తెలీదమ్మా" అనేది. వాళ్ళ నాన్న రోజూ రాత్రి భోజనాల దగ్గర ఏదో చిక్కు ప్రశ్న వేసేవారు, తండ్రీ కూతుళ్ళకి అదొక ఆట. దానికీ "తెలీదు" అనేది. ఆయన కుషాయిగూడ వైపు ఒక ప్రభుత్వ సంస్థలో ఇంజినీరు. ప్రతి దానికీ ఓపిక పట్టమనే రకం. ఆయనే కంగారుపడి, "అలసిపోయి ఉంటుందిలే" అని తనకి తనే చెప్పుకున్నారు. తార్నాకలో విన్న మాట నాకు పదే పదే గుర్తొచ్చేది. తను మొద్దునని పిల్ల నమ్మకముందే అని చెప్పిందావిడ. మేం ఆలస్యం చేసేశామా అని నాకు నిజంగా భయం పట్టుకుంది.

అంతలో స్కూలు నుంచి ఫోను. ప్రిన్సిపాల్ మనసు మారిందట. మారింది మనసు కాదు, ఒలింపియాడ్ రెండో దశ దగ్గర పడింది. పిల్ల అలిగి రాయనంటే ఫ్లెక్సీలో కిరీటం ఎవరికి పెడతారు? "మీ పాపకు నోటితోనే టెస్ట్ పెడ్త, నా రూముల. మంచిగ చెప్పిందనుకో, యాన్యువల్ పరీక్ష గూడ గట్లనే పెడ్త" అన్నాడు. నేను సగం రోజు సెలవు పెట్టి తనని తీసుకెళ్ళాను.

ప్రిన్సిపాల్, లెక్కల సారు, ఎదురుగా మా అమ్మాయి, పక్కన నేను. సారు మూడు ప్రశ్నలు తెచ్చుకున్నాడు. ఒకటి నుంచి వంద దాకా అంకెలు రాస్తే సున్నా ఎన్నిసార్లు రాయాలి? నూట యాభై మీటర్ల రైలు గంటకి డెబ్బై రెండు కిలోమీటర్ల వేగంతో రెండు వందల యాభై మీటర్ల వంతెన దాటడానికి ఎంతసేపు పడుతుంది? గడియారంలో మూడున్నర అయితే రెండు ముళ్ళ మధ్య కోణం ఎంత? ఇలాంటివి మా అమ్మాయి పళ్ళు తోముకుంటూ చెప్పేది. ఇప్పుడు తల వంచుకుని, మొదటిదానికి "తెలీదు సార్" అంది. రెండోదానికి అదే. మూడోదానికి కూడా అదే.

ప్రిన్సిపాల్ మొహంలో జాలీ తృప్తీ ఒకేసారి కనపడ్డాయి. "సూసిన్రా మేడమ్? నేను జెప్పలే? ర్యాంకు అదృష్టం కొద్ది వచ్చింది. బబుల్స్ కదా, ఒక్కోసారి తాకుతయ్. ఇగ మీరు పరేషాన్ గాకున్రి. రైజింగ్‌ల మంచిగనే ఉంటది." సారు తన ప్రశ్నల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బయటికొచ్చి ఆటో ఎక్కాం. ఆటో ఇంకా గేటు దాటలేదు. "నిజంగా తెలీదా నాన్నా?" అని అడిగాను.

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మళ్ళీ ఫొటో వేస్తరమ్మా. ఫొటో వేసినాక మళ్ళీ రైజింగ్‌ల కూచోబెడ్తరు. అందరు నవ్వుతరు. తెలీదంటే ఎవ్వరేం అనరు. అప్పుడు అంతా ఒకటే."

నాకు కోపం రాలేదు. కోపం అప్పటిదాకా చాలా వచ్చింది, అది మామూలే. తను మొద్దునని నమ్ముతుందేమో అని భయపడ్డాను. తను నమ్మలేదు. మొద్దులా ఉంటేనే ఇక్కడ బతకనిస్తారని లెక్కేసి తేల్చుకుంది. ఆ లెక్క కూడా తప్పు కాదు.

"భయ్యా, ఆటో వెనక్కి తిప్పు" అన్నాను.

ప్రిన్సిపాల్ గదిలో ఇద్దరూ ఇంకా టీ తాగుతున్నారు. టీసీ ఇచ్చేయండి, ఇంక మా అమ్మాయి ఇక్కడ చదవదు అని చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టాడు. "గిట్ల తొందర పడ్తరేంది మేడమ్? ఒలింపియాడ్ అయినంక తీసుకపోండ్రి. వచ్చే నెలనే కదా."

"అదృష్టం కొద్దీ ర్యాంకు తెచ్చుకున్న పిల్లకి ఒలింపియాడ్ దేనికండీ? రైజింగ్‌లో మిగతావాళ్ళ చేత రాయించండి. బబుల్సే కదా, తగుల్తాయి."

మా అమ్మాయి నా చున్నీ పట్టుకుని లాగింది. "అమ్మా, నిజంగ ఈ స్కూల్ల ఉండనా?" అని మెల్లగా అడిగింది. ఉండవని చెప్పాను. "ఫొటో గూడ వెయ్యరా?" వెయ్యరని చెప్పాను.

అప్పుడు తను లెక్కల సారువైపు తిరిగింది. "సున్నాలు పదకొండు సార్. రైలుకి ఇరవై సెకన్లు, వంతెనకి రైలు పొడవు గూడ కలపాలె. గడియారంలో డెబ్బై ఐదు డిగ్రీలు." సారు జేబులోంచి కాగితం తీశాడు. "తొంభై గదా బేటా?" అన్నాడు. "ముప్ఫై నిమిషాలల్ల చిన్న ముల్లు గూడ జరుగుతది కద సార్" అంది తను, ఏ గర్వమూ లేకుండా, వాచీ చూసి టైము చెప్పినట్టు. ప్రిన్సిపాల్ నావైపు తిరిగి, టీసీ సంగతి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, జీనియస్ సెక్షన్‌లోకి నేనే మారుస్తాను అన్నాడు. నేను ఆఫీసు రూములోకి వెళ్ళి దరఖాస్తు రాసిచ్చాను.

ఇప్పుడు తను పీర్జాదిగూడ దగ్గర ఒక చిన్న బళ్ళో చదువుతోంది. దానికి ఫ్లెక్సీ కాదు గదా, సరైన బోర్డు కూడా లేదు. అదేమీ స్వర్గం కాదు, అక్కడా చిరాకులు ఉన్నాయి. కానీ పరీక్షలు నోటితో చెప్పనిస్తారు, పెద్దవి కీబోర్డు మీద కొట్టనిస్తారు, లెక్కలకి పై క్లాసులో కూర్చోబెడతారు. ఆటోలో బండ్ల నంబర్లు మళ్ళీ మొదలయ్యాయి. వాళ్ళ నాన్న చిక్కు ప్రశ్నలకి జవాబు చెప్పడమే కాదు, ప్రశ్నలో తప్పులు కూడా పట్టుకుంటోంది. మా అత్తగారు గుంటూరు నుంచి ఫోన్ చేసి అక్షరాభ్యాసం ఫలించిందంటున్నారు. ఆవిడతో వాదించే ఓపిక నాకు లేదు.

ఒక్కటి మాత్రం పోలేదు. మొన్న మా ఆఫీసు స్నేహితురాలు ఇంటికొచ్చి, మాటల్లో ఏదో వడ్డీ లెక్క తేలక, "నువ్వు చెప్పమ్మా, ఎంతవుతుంది?" అని మా అమ్మాయిని అడిగింది. తనకి జవాబు అప్పటికే తెలుసు, కళ్ళల్లో కనపడుతోంది. కానీ చెప్పలేదు. ముందు నా మొహంలోకి చూసింది, చెప్పొచ్చా, చెప్తే ఏమైనా చేస్తారా అని. నేను తలూపాక గానీ నోరు తెరవలేదు. పుట్టినప్పుడు ఆ చూపు తనకి లేదు. దాన్ని నేర్పించడానికి ఆ స్కూలుకి టర్ము టర్ముకీ ఫీజు కట్టింది మేమే.